ర్యాంకు పిల్లవాడిదా, ఇంటిదా?

(మన సంఘం వార్షిక సమావేశంలో విద్యార్థులకు బహుమతులు అందజేసిన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శిగారు వారం కిందట ఫోను చేసి, "పిల్లలకు బహుమతులిచ్చి, చదువు గురించి ఓ పావుగంట మాట్లాడండి" అన్నారు. నేను పంతులుని కాను. ఐ.టి.ఐ. చదివి 1973లో ఈసీఐఎల్‌లో చేరి, 2011లో ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. నా చేతికి సోల్డరింగ్ ఐరన్ అలవాటు గాని మైకు అలవాటు లేదు. తప్పులుంటే మన్నించగలరు.

బహుమతులు అందుకున్నవారి జాబితా నాకు ముందే పంపారు. పదో తరగతిలో, ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పద్నాలుగు మంది మనవలు, మనవరాళ్లు. చాలా సంతోషం. అయితే జాబితా చేతిలో ఉంది కనుక రెండు మూడుసార్లు చదివాను. పద్నాలుగు మందీ ప్రైవేటు బడుల్లో చదివినవారే. పద్నాలుగు ఇళ్లలోనూ తల్లి, తండ్రి ఇద్దరూ డిగ్రీ చదివినవారే. ఇందులో ఎవరి తప్పూ లేదు. మన నియమాల ప్రకారం బహుమతి సభ్యుల పిల్లలకే గదా!

ఆ జాబితా చదువుతున్న రోజునే మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు పదో తరగతి మెమో పట్టుకుని వచ్చింది. "తాతా, ఈ మార్కులకు ఏ కాలేజి వస్తది?" అని అడిగింది. ఆ పాప మార్కులు మన జాబితాలో చివరి పిల్లవాడి మార్కులకంటే తక్కువే. కాని ఆ పాప చదివింది సెల్లారులో, లిఫ్టు పక్కన, కారు వచ్చినప్పుడల్లా లేచి గేటు తీస్తూ. మన పిల్లలు చదివింది ఏసీ గదిలో, ట్యూషన్ మాస్టారు పక్కన. ఈ రెండు మెమోలను ఒకే తక్కెడలో ఎట్లా తూచాలి? ఈరోజు నేను మాట్లాడదలచింది అదే.

మొదట మా ఇంటి సంగతి చెబుతాను. మాది నల్గొండ జిల్లాలో మూసీ ఒడ్డున ఒక పల్లె. మేము ఇద్దరు అన్నదమ్ములం. మా అన్నకు లెక్కలు నోటిమీద ఉండేవి. కల్లంలో వడ్లు కొలుస్తుంటే ఎన్ని కుంచాలైనాయో, ఎవరి వాటా ఎంతో, కాగితం కలం లేకుండా చెప్పేవాడు. నాకు పన్నెండో ఎక్కం దాటితే తడబాటే. అయినా చదివింది నేను. బాపు చేసిన అప్పు కింద అన్నను పదేళ్ల వయసులోనే పటేలు ఇంట్లో జీతానికి పెట్టారు. నా వంతు వచ్చేసరికి ఆ అప్పు తీరింది. ఊరికి కొత్తగా వచ్చిన సారు ఒకాయన తానే ఫారం నింపి, నన్ను తాలూకా కేంద్రంలోని ప్రభుత్వ హాస్టలులో చేర్పించారు. అన్న అక్షరం నేర్వకుండానే పెద్దవాడయ్యాడు.

మా అబ్బాయి, అన్న కొడుకు ఇద్దరూ 1977లోనే పుట్టారు. మావాడు ఇంజనీరింగు చదివి డాలస్‌లో స్థిరపడ్డాడు. అన్న కొడుకు పదో తరగతి తప్పి లారీ డ్రైవరయ్యాడు. రక్తం ఒకటే, వంశం ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? నడుమ జరిగిన ఒక సంగతి ఉంది. అది చివర చెబుతాను.

ఇది మా ఒక్క ఇంటి కథేనా అని నేను చాలాకాలం అనుకునేవాణ్ణి. రిటైరైన తర్వాత పేపర్లు, పుస్తకాలు చదివే తీరిక దొరికింది. అప్పుడు తెలిసింది, దీనిమీద లోకమంతటా పరిశోధనలు జరిగాయని. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ అనే ఆచార్యుడు సుమారు 4,000 బడుల్లో, 6 లక్షల మంది దాకా విద్యార్థులను పరిశీలించి 1966లో నివేదిక ఇచ్చాడు. బడి భవనం, లైబ్రరీ, లాబొరేటరీ మంచివైతే మార్కులు పెరుగుతాయని అందరూ అనుకున్నారు. ఆయన లెక్కల్లో మాత్రం వాటికన్నా పిల్లవాడి ఇంటి నేపథ్యం బలమైనదని తేలింది. ఆయన చెప్పిన రెండో సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది. క్లాసులో పక్కన కూర్చునే పిల్లలు ఎటువంటి ఇళ్లనుంచి వచ్చారన్నది కూడా చదువును ప్రభావితం చేస్తుందట.

అంత దూరం పోనక్కరలేదు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2008లో మొదలుపెట్టి నాలుగేళ్లపాటు ఒక పరిశీలన చేశారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 180 గ్రామాల్లో, ప్రభుత్వ బడిలో చదివే పిల్లలనుంచి లాటరీ తీసి, పేరు వచ్చినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టించారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో లాటరీ వచ్చిన పిల్లలకు, రానివారికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు బడి పిల్లలు ముందున్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు, ప్రభుత్వ బడి ఖర్చులో మూడోవంతుకన్నా తక్కువ. అది వాటి గొప్ప. కాని ప్రైవేటు బడి పిల్లవాడు తెలివైనవాడుగా కనిపించటంలో ఎక్కువ పాలు బడిది కాదు, ఫీజు కట్టగలిగిన ఇంటిదే అని దీనివల్ల తెలుస్తుంది.

ఇంకొకటి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2002లో మన రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లలను ఎంచుకుని, ఏళ్ల తరబడి వారి వెంట నడిచారు. యంగ్ లైవ్స్ అని దానికి పేరు. పేద ఇంటి పిల్లలకు, కలిగిన ఇంటి పిల్లలకు మాటల పరిచయంలో తేడా అయిదేళ్ల వయసులోనే, అంటే ఒకటో తరగతికి ముందే కనిపించిందని అందులో తేలింది. చిన్నతనంలో తిండి చాలక ఎదుగుదల తగ్గిన పిల్లలు చదువులోనూ వెనకబడ్డారు. మనం పందెం మొదలైంది అనుకునేసరికే కొందరు సగం దూరం పోయి ఉన్నారన్నమాట.

అయితే ఇల్లు పిల్లవాడికి ఇచ్చేది ఏమిటి? డబ్బొక్కటేనా? నాకు తోచింది చెబుతాను.

మొదటిది తిండి, ఆరోగ్యం. కళ్లద్దాలు కావాల్సిన పిల్లవాడికి కళ్లద్దాలు లేకపోతే బోర్డు కనపడదు, సారు మొద్దు అంటాడు.

రెండోది భాష. పుస్తకంలో ఉన్న తెలుగు మన ఇళ్లలో మాట్లాడే తెలుగుకు దగ్గర. నల్గొండ పల్లెనుంచి వచ్చిన నాకు మొదటి ఏడాది పాఠ్యపుస్తకం పరాయి భాషలాగే ఉండేది. ఇక ఇంగ్లీషు సంగతి చెప్పేదేముంది! ఈరోజు ఏ బీహారు నుంచో ఒడిశా నుంచో చర్లపల్లి పారిశ్రామికవాడకు పనికి వచ్చిన కుటుంబం పిల్లవాడికి తెలుగే పరాయిది.

మూడోది చోటు, సమయం. సాయంత్రం ఒక లైటు కింద రెండు గంటలు ఎవరూ లేపకుండా కూర్చోగలగటం. 2020లో కరోనాకు బడులు మూసి, సెప్టెంబరు 1 నుంచి టీవీలో, ఫోన్లలో పాఠాలు చెప్పారు. మన ఇంట్లో మనవడికి వేరే గది, వేరే ఫోను. మా పనిమనిషి ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది ఆటోతోపాటు పొద్దున్నే వెళ్లిపోయేది. ఆ ఇద్దరు పిల్లలకు ఆ ఏడాది చదువు లేదు.

నాలుగోది దారి తెలియటం. దీన్ని మనం లెక్కలోకి తీసుకోం. ఏ పరీక్షకు ఎప్పటిలోగా అప్లికేషన్ పెట్టాలి, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ ఎక్కడ తీసుకోవాలి, పాలిటెక్నిక్ అంటే ఏమిటి, ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటే ఏ దారి, బైపీసీ తీసుకుంటే ఏ దారి. మన మనవడికి ఇది పుట్టుకతోనే తెలిసినట్టుంటుంది. మొదటిసారి చదువుకునే ఇంటి పిల్లకు ఇదంతా చీకటి. నా జీవితం మార్చింది పెద్ద పాఠం కాదు, ఆ సారు నింపిన ఒక్క ఫారం.

అయిదోది నమ్మకం. "నువ్వు చదివి తీరతావు" అని ఇంట్లో వాళ్లంతా అనుకోవటం. ఆడపిల్ల విషయంలో ఈ నమ్మకానికి తోడు ధైర్యం కూడా కావాలి. ఇక మన దేశంలో కలిమిలేములతోపాటు కులం కూడా పెనవేసుకుని ఉంటుంది. కొన్ని తరాలపాటు బడి గడప తొక్కనివ్వని ఇళ్లకు ఈ అయిదూ ఒక్కసారిగా రావు.

ఇప్పుడు మన కాలనీ సంగతి. ఈ కాలనీకి పేరు పెట్టుకున్న డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టి, బెనారస్‌లో, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో చదివి, 1967లో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. ఆ సంస్థ మనకు జీతమొక్కటే ఇవ్వలేదు. నెల మొదటి తేదీన తప్పక వచ్చే జీతం వల్ల ఇంట్లో నిశ్చింత. జ్వరం వస్తే డిస్పెన్సరీ. అన్నిటికన్నా ముఖ్యం, అణుశక్తి కేంద్రీయ పాఠశాల. అక్కడ హెల్పరు కొడుకు, సైంటిఫిక్ ఆఫీసరు కూతురు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మావాడికి లెక్కల్లో సందేహం వస్తే ఎదురింటి ఇంజనీరుగారి తలుపు తట్టేవాడు. ఆయన లుంగీ మీద వచ్చి వరండాలో కూర్చుని చెప్పేవారు, పైసా తీసుకోలేదు. కోల్‌మన్ చెప్పిన రెండో సంగతి మనం చదవకుండానే అనుభవించాం. మన పిల్లలు కష్టపడలేదని నేననను. రాత్రి పన్నెండు దాకా చదివారు, నేను టీ పెట్టి ఇచ్చాను. కాని ఆ కష్టం ఫలించటానికి వెనక ఇంత ఏర్పాటు నిలబడి ఉంది. మనం ఒక్క తరంలో పల్లెనుంచి డాలస్‌కు చేరింది ఈ నిచ్చెన మీదే. ఎక్కిన తర్వాత నిచ్చెన సంగతి మరచి "అంతా మావాడి తెలివి" అనుకుంటున్నాం.

ఇల్లు ఇవ్వలేనిది ఇంకొకరు ఇవ్వవచ్చునని మన పెద్దలకు తెలుసు. నిజాం కాలంలో జాగీర్దార్ల కొడుకుల కోసమే బేగంపేటలో 1923లో జాగీర్దార్ కాలేజి పెట్టారు. జాగీర్లు రద్దయిన తర్వాత, 1951లో అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. అది ఒక వైపు. రెండో వైపు భాగ్యరెడ్డి వర్మగారు నగరంలోని దళిత బస్తీల్లో ఆది హిందూ పాఠశాలలు నడిపారు. కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలు పెట్టించారు. తర్వాత ఇతర కులాల పెద్దలూ హాస్టళ్లు పెట్టారు. జిల్లాలనుంచి వచ్చిన పిల్లలకు అవి అన్నం, దీపం, తోడు ఇచ్చాయి. అంటే ఇల్లు ఇచ్చేదాన్నే ఇచ్చాయి.

1971లో పి.వి. నరసింహారావుగారి హయాంలో మా నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల వచ్చింది. తర్వాత గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో. పల్లె పిల్లలను పరీక్ష పెట్టి ఎంపిక చేసుకుని, పంతుళ్లూ పిల్లలూ ఒకేచోట ఉండి చదువుకున్నారు. ఆ బడులనుంచి కలెక్టర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు వచ్చారు. 2014 మే 25న పద్నాలుగేళ్లయినా నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆ పిల్ల సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే. మోసేవాళ్లుంటే మన పిల్లలు ఎంత ఎత్తైనా ఎక్కుతారు.

"పేదవాళ్లకు చదువు మీద ఆసక్తి లేదండీ, పనికి పంపిస్తారు" అని మనలో చాలామంది అంటుంటారు. దీనికి జవాబు మన పక్కనే ఉంది. అప్పట్లో మన కాప్రా కూడా రంగారెడ్డి జిల్లాలోదే. ఆ జిల్లాలోనే శాంతా సిన్హాగారు ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున 1991నుంచి బాలకార్మికులను పనినుంచి తప్పించి, శిబిరాల్లో చదువు చెప్పించి, మామూలు బడుల్లో వయసుకు తగ్గ క్లాసులో చేర్పించే పని చేశారు. వేలమంది తల్లిదండ్రులు కూలి డబ్బు వదులుకుని పిల్లలను పంపారు. పేద తల్లికి ఆశ లేక కాదు, దారి లేక అని ఆమె నిరూపించారు. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేననను. 1966లో కొఠారీ కమిషన్ అన్ని వర్గాల పిల్లలూ తమ పేటలోని ఒకే బడిలో చదవాలని సిఫారసు చేసింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదలకివ్వాలంది. కాగితం మీద ఉన్నది బెంచీ దాకా రావటం లేదు. ఈరోజు మన కాలనీ పిల్లలు ఒక బస్సులో ఒక వైపు, మన ఇళ్లలో పనిచేసేవారి పిల్లలు నడిచి ఇంకో వైపు పోతున్నారు. మన పిల్లలకు దొరికిన ఆ ఒకే బెంచీ వీళ్లకు లేదు.

ఇప్పుడు నేను దాచుకున్న సంగతి చెబుతాను. ఇది ఇంతవరకు మా ఇల్లు దాటలేదు.

1990 వేసవిలో మా అన్న కొడుకును వెంటబెట్టుకుని క్వార్టరుకు వచ్చాడు. చేతిలో ఓ సంచి, అందులో పెసలు. తిన్న తర్వాత మెల్లగా అన్నాడు: "తమ్మీ, పోరడికి లెక్కలు మంచిగొస్తున్నయని సారు చెప్పిండు. ఊళ్లె చెప్పేటోళ్లు లేరు. పదో తరగతి దాక నీ దగ్గర ఉంచుకో. బియ్యం నేను పంపుత." మాది రెండు గదుల ఇల్లు. మావాడికి పదో తరగతి దగ్గర పడుతున్నది. నేనూ మా ఇంటావిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "చోటు చాలదన్నా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. అన్న ఏమీ అనలేదు. సాయంత్రం బస్సుకు కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు. పెసల సంచి మాత్రం వదిలేసి వెళ్లాడు.

1993లో మావాడు ఫస్టుక్లాసులో పాసయ్యాడు. అన్న కొడుకు ఇంగ్లీషు, లెక్కలు తప్పాడు. నా చదువు కోసం తన చదువు పోగొట్టుకున్న అన్నకు నేను ఇవ్వనిది డబ్బు కాదు, ఒక చాప పరిచేంత చోటు.

నాలుగేళ్ల కిందట అన్న పోయినప్పుడు ఊరికి వెళ్లాను. పదకొండో రోజు రాత్రి అన్న కొడుకు నా పక్కన కూర్చున్నాడు. వాడికి నామీద కోపం ఉంటుందనుకున్నాను. "చిన్నాయనా, నాకు అప్పుడు లెక్కలొచ్చేటియి. నడుమ ఒక్కకాడ ఆగిపోయేది. అడుగుదామంటె ఎవ్వరు లేకుండె" అన్నాడు. అంతే. వాడి కూతురు గురుకులంలో చదివి ఇప్పుడు డిగ్రీ చేస్తున్నది. ఆ పిల్లకు అడగటానికి మనిషి దొరికారు.

అందుకని మిత్రులారా, సర్వసభ్య సమావేశం ముందు ఒక విన్నపం ఉంచుతున్నాను. బహుమతులు మానేయమని కాదు. పిల్లలు సంతోషించాలి. కాని మన సంఘం హాలు సాయంత్రం ఆరునుంచి ఎనిమిది దాకా తాళం వేసి ఉంటుంది. లైట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి. ఆ రెండు గంటలు వాచ్‌మన్ల పిల్లలకు, పనివారి పిల్లలకు, కుషాయిగూడ, కాప్రా వైపునుంచి ఎవరు వస్తే వారికి తెరుద్దాం. రోజుకు ఇద్దరు సభ్యులు వంతులవారీగా కూర్చుంటే చాలు. మనలో డ్రాయింగు తెలిసినవారున్నారు, లెక్కలు తెలిసినవారున్నారు, అకౌంట్స్‌లో పనిచేసినవారున్నారు, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవారున్నారు. పాఠం చెప్పలేకపోయినా ఫరవాలేదు, పక్కన కూర్చోగలం. గురుకుల ప్రవేశ పరీక్ష, పాలిసెట్, బాసర ట్రిపుల్ ఐటీ, స్కాలర్‌షిప్పులు, వీటి చివరి తేదీలు ఓ బోర్డు మీద రాసిపెట్టి, ఫారాలు నింపిపెడదాం. సోదరీమణులు ముందుకొస్తే ఆడపిల్లలు ధైర్యంగా వస్తారు. బహుమతుల నిధినుంచి కొంత తీసి డిక్షనరీలు, నోటుపుస్తకాలు కొందాం. నా వంతుగా సోమవారం, గురువారం నేను కూర్చుంటాను. ఇవాళే పేరు రాయించుకుంటున్నాను.

మనకు బీపీ ఉంది, షుగరు ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. అయినా కూర్చుని చేసే పనే గదా ఇది!

బహుమతులందుకున్న పిల్లలతో ఒక్క మాట. మీ మార్కులు మీవే, ఎవరూ కాదనరు. ఇంటికి వెళ్లాక మీ తాతగారిని, నాయనమ్మను, అమ్మమ్మను అడగండి, మా ఇంట్లో మొదట చదువుకున్నది ఎవరు, వారి చెయ్యి పట్టుకున్నది ఎవరు అని. ఆ జవాబు విన్న తర్వాత మీకూ ఒక సాయంత్రం హాలుకు రావాలనిపిస్తే, సంతోషంగా రండి.

వాచ్‌మన్ కూతురుకు పాలిటెక్నిక్ గురించి వివరాలు చెబుతానని మాటిచ్చాను. ఈసారి చోటు లేదని అనదలచుకోలేదు.